ఎర్రదిబ్బపల్లె వేర్పాటువాదం

గరుడాపురం నియోజకవర్గం నుంచి కొత్తగా గెలిచిన శాసనసభ్యుడు గంగిశెట్టి ఓబులపతికి ఒక్కటే దిగులు. తన నియోజకవర్గంలో ఎక్కడ వెతికినా దేశ సమైక్యతకు ప్రమాదం కనిపించడం లేదు.

అది చిన్న దిగులేమీ కాదు. రాజకీయాల్లోకి రాకముందు ఓబులపతి ఇరవై ఆరేళ్లపాటు షామియానాలు, కుర్చీలు, మైకుసెట్లు అద్దెకిచ్చాడు. అన్ని పార్టీల సభలకూ వేదిక కట్టేది ఆయనే. వక్త గొంతు సవరించుకునేలోపు మైకు సవరించి, వేదిక పక్కన కూర్చుని సభ ముగిసేదాకా వినేవాడు. నీళ్ల సంగతి ఎత్తితే జనం గొణిగేవాళ్లు. కరెంటు సంగతి ఎత్తితే కేకలేసేవాళ్లు. ‘దేశ సమైక్యత, సమగ్రత’ అనగానే మాత్రం, ఎండలో కూర్చున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ మాట వింటే ఓబులపతికి నిజంగానే ఒళ్లు పులకరించేది. ఒకసారి కళ్లలో నీళ్లు తిరిగితే, జనరేటరు పొగ అని చెప్పి తప్పించుకున్నాడు.

కిందటి ఎన్నికల్లో గరుడాపురం టికెట్టు కోసం ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు చిరిగేదాకా కొట్టుకున్నారు. పార్టీ పెద్దలు విసిగిపోయి, ఆ ఇద్దరికీ కుర్చీలు వేసే మనిషికే టికెట్టు ఇచ్చేశారు. జనానికి కూడా ముఖం తెలిసినవాడు ఆయనొక్కడే. గెలిచాడు.

కొత్త సభ్యులు తొలిసారి మాట్లాడేందుకు శాసనసభలో మూడు నిమిషాలు ఇస్తారు. ఆ మూడు నిమిషాల్లో సమైక్యత గురించే మాట్లాడాలని ఓబులపతి ఎన్నడో నిశ్చయించుకున్నాడు. కానీ ఎవరి నుంచి కాపాడాలి?

ఆయన పీఏ శేషఫణి, ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ తహశీల్దారుగా రిటైరైన మనిషి. అతను తల గోక్కున్నాడు. “మనకు సరిహద్దు లేదు సార్. సముద్రం లేదు. పక్క రాష్ట్రంతో వంకనీళ్ల తగాదా ఒకటుండె, అది గూడా పోయినేడు రాజీ అయిపాయె. సాగునీళ్ల మీద మాట్లాడండి, బాగుంటాది.”

“నీళ్ల మీద అందరూ మాట్లాడతారు శేషఫణీ. నాకు ముప్పు కావల్ల. చిన్నదైనా పర్వాల్యా.”

శేషఫణి మూడు రోజులు అర్జీల కట్టలు తిరగేశాడు. నాలుగో రోజు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎర్రదిబ్బపల్లె నుంచి వచ్చిన అర్జీ అది. గుండ్లవంక అనే వాగుకు అవతలి ఒడ్డున అరవై గడప ఉన్న పల్లె. రేషను స్టోరు ఇవతలి ఒడ్డున కొత్తసంతలో ఉంది. వానాకాలంలో వంక పారితే మూడు నెలలు దాటలేరు, ఆ నెలల బియ్యం వాళ్లకు దక్కవు. అందుకని వాళ్లు రాశారు: ‘కావున మా పల్లెకు ప్రత్యేక స్టోరు ఇప్పించవలెను. కొత్తసంత వాళ్లతో కలిసి వరసలో నిలబడలేకున్నాము.’ కింద పొడవునా వేలిముద్రలు. అన్నిటికంటే పైన, వంకర అక్షరాలతో ఒకే ఒక్క సంతకం: సుంకులమ్మ.

ఓబులపతి ఒకసారి చదివాడు. రెండోసారి చదివేటప్పుడు ‘ప్రత్యేక’ అన్న మాట కింద ఎర్రగీత గీశాడు. మూడోసారి ‘కలిసి’ అన్న మాట కింద, ‘లేకున్నాము’ అన్న మాట కింద గీశాడు. గీసిన మాటలు మాత్రమే పైకి చదివాడు. “ప్రత్యేక. కలిసి. లేకున్నాము.”

కాగితాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు.

“నా నియోజకవర్గంలోనా?” అన్నాడు ఓబులపతి. ఆయన గొంతులో కోపమెంత ఉందో, సంతోషమూ అంతే ఉంది.

*

శాసనసభలో భోజనాల తర్వాతి వేళ. సగం మంది సభ్యులు కళ్లు మూసుకుని ప్రజాసమస్యల గురించి ఆలోచిస్తున్నారు. ఓబులపతి లేచాడు.

“అధ్యక్షా! ఈ రోజు స్టోరు వేరు కావాలంటున్నారు. రేపు బియ్యం వేరంటారు. ఎల్లుండి బువ్వ వేరంటారు. ఆ మర్నాడు జెండా వేరంటే ఈ సభ ఏం సమాధానం చెబుతుంది అధ్యక్షా? ఒక ఎర్రదిబ్బపల్లెను వదులుకుంటే రేపు హిమాలయాలను ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?”

ఇరవై ఆరేళ్లు విన్న ఉపన్యాసాలన్నీ ఒక్క ఊపున బయటికి వచ్చాయి. మూడు నిమిషాలు పదకొండయ్యాయి. గంట కొట్టాల్సిన స్పీకరు గారు వినడంలో పడి కొట్టడం మరిచిపోయారు. అధికారపక్షం బల్లలు చరిచింది. ప్రతిపక్షం వెనకబడితే ఏం బాగుంటుంది? ప్రభుత్వం ఇంతవరకూ ఈ వేర్పాటువాదాన్ని ఎందుకు ఖండించలేదంటూ సభ నుంచి వెళ్లిపోయింది. వెళ్లాక, తాము ఖండించలేదని గుర్తొచ్చి, మళ్లీ లోపలికి వచ్చి ఖండించింది.

దీనికి సమాధానం చెప్పాల్సింది పౌరసరఫరాల మంత్రా, హోం మంత్రా అని చిన్న తర్జనభర్జన జరిగింది. ‘ఖండన’ అన్న మాట వినబడింది కాబట్టి హోం మంత్రే లేచారు. ఎర్రదిబ్బపల్లె ఎక్కడుందో ఆయనకు తెలియదు. తెలియదన్న సంగతి ముఖంలో కనబడకుండా, “సదరు గ్రామాన్ని తక్షణం వేర్పాటువాద ప్రభావిత ప్రాంతంగా ప్రకటిస్తున్నాం అధ్యక్షా” అన్నారు.

సాయంత్రానికి ఓబులపతి ఫొటో అన్ని చానెళ్లలోనూ కనబడింది. పార్టీ పెద్దలు ఫోన్ చేసి, “నీలో ఇంత ఉందని మాకు తెలీదయ్యా” అన్నారు. తనలో ఇంత ఉందని ఓబులపతికి మాత్రం మొదటినుంచీ తెలుసు.

*

వారం తిరక్కుండా రాజధాని నుంచి ఒక అధికారి దిగాడు. పేరు విశ్వమోహనరావు, హోదా ‘సమైక్యతా పరిరక్షణ ప్రత్యేకాధికారి’. రాగానే ఆయనకు తన హోదాలోనే మొదటి వేర్పాటువాదం కనబడింది.

“చూడండి శాసనసభ్యులు గారూ, ఏ పదంతో ఈ సమస్య ఉత్పన్నమైందో ఆ పదం నా నామఫలకం మీద ఉండటం సమంజసం కాదు. పూర్వాపరాలు పరిశీలించి తగు చర్య గైకొంటాను.”

ఆయన గైకొన్న చర్య జిల్లా అంతటా వర్తించింది. ‘ప్రత్యేక’ అన్న మాట ఏ బోర్డు మీదా ఉండరాదు. తిరనాళ్లకు వేసే ప్రత్యేక బస్సులు ‘అందరితోపాటు నడిచే అదనపు బస్సులు’ అయ్యాయి. గుట్ట మీది గుడిలో ‘ప్రత్యేక దర్శనం’ టికెట్టు ‘కలిసికట్టు దర్శనం’ అయ్యేసరికి, టికెట్టు కొన్నవాళ్లు కూడా కొననివాళ్ల వెనకే నిలబడాల్సి వచ్చింది. గరుడాపురం బస్టాండు హోటల్లో ‘స్పెషల్ దోసె’ ఇంగ్లీషులో ఉంది కాబట్టి బతికిపోయింది. తన హోదాను ఆయన ‘సమైక్యతా పరిరక్షణ సాధారణేతర అధికారి’గా దిద్దుకున్నాడు.

తర్వాత ఓబులపతినీ, ఎనిమిది మంది పోలీసుల్నీ, ఒక ఫొటోగ్రాఫరునూ వెంటబెట్టుకుని ఎర్రదిబ్బపల్లెకు బయలుదేరాడు. వంకలో ఇసుక తప్ప నీళ్లు లేవు. జీపు ఇసుకలో దిగబడింది. అవతలి ఒడ్డు నుంచి పదిమంది వేర్పాటువాదులు పరుగున వచ్చి, జీపును నెట్టి ఒడ్డుకు చేర్చారు.

సుంకులమ్మ తన ఇంటి ముందు వేరుశనక్కాయలు వలుస్తోంది. యాభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం. ఇంతమందిని చూసి చేటలోని గింజలు దోసిలితో తీసి, ముందు పోలీసులకు పెట్టింది.

విశ్వమోహనరావు గింజలు తీసుకోలేదు. ఫైలు తెరిచాడు. “మీ ఉద్యమ లక్ష్యమేమిటి?”

“బియ్యం సామీ.”

“తొలి దశలో బియ్యం. సరే. మలి దశలో?”

“కందిపప్పు.”

“అంతిమంగా?”

సుంకులమ్మ కాసేపు ఆలోచించింది. “చక్కెర అరకేజీ ఇస్తారు గదా. అది గూడా ఇప్పిచ్చండి.”

ఆయన ‘దశలవారీ కార్యాచరణ’ అని రాసుకున్నాడు. “మీకు విదేశాల నుంచి ఏమైనా సహాయం అందుతోందా?”

“మా చిన్నల్లుడు కువైట్‌లో ఉండాడు సామీ. ఒంటెల కాడ పని. పోయిన పండక్కి నాకో దుప్పటి పంపించినాడు. మెత్తగా ఉండాది, జూస్తారా?”

దుప్పటిని ఫొటో తీశారు.

ఓబులపతికి అక్కడ ఎందుకో కాస్త ఇబ్బందిగా అనిపించింది. ఆయన ఊహించుకున్న వేర్పాటువాదులు ఇలా లేరు. వాళ్ల కళ్లు ఎర్రగా ఉండాలి. ఎవరూ ఏమీ పెట్టకూడదు. కానీ సుంకులమ్మ ఆయన చేతిలో కూడా గింజలు పోసింది. తింటూనే ఆయన గొంతు పెంచాడు. “సుంకులక్కా, ఈ దేశం ముక్కలు కావల్లని నీకు అనిపిస్తాండాదా?”

“అయ్యో, ఎందుకు కావల్ల నాయనా? ఉన్నెది ఉన్నెట్లే బాగుండాది గదా. స్టోరొకటి ఇచ్చుకుంటే సాలు.”

“చూశారా,” అన్నాడు విశ్వమోహనరావు చిన్నగొంతుతో, “పైకి ఎంత మెత్తగా ఉన్నారో.”

*

గరుడాపురం ట్రెజరీ బీరువాలో ఎప్పటిదో ఒక నిబంధనల పుస్తకం ఉంది. వేర్పాటువాద ప్రభావిత ప్రాంతాల్లో ప్రభుత్వం ఏమేం చేయాలో అందులో వివరంగా రాసుంది. ఈ రాష్ట్రంలో ఇంతవరకూ అలాంటి ప్రాంతం ఒక్కటీ తేలకపోవడంతో, ఆ పుస్తకం కొత్తగానే ఉంది. శేషఫణి దాని దుమ్ము దులిపి, ముక్కు తుడుచుకుంటూ చదివాడు.

“నాలుగో నిబంధన సార్. ‘ఏ కాలమందైనను బలగములు చేరుకొనుటకు వీలుగా వంతెన నిర్మించవలెను.’ అయిదోది, ‘ప్రజల మనస్సులు గెలుచుకొను నిమిత్తము మంచినీటి కుళాయిలు, అయిదో తరగతి వరకు బడి, వారానికి మూడు దినములు నర్సు.’ ఏడోది, ‘యువతను మరల్చుటకు వాలీబాలు.’”

“మరి స్టోరు?” అన్నాడు ఓబులపతి.

విశ్వమోహనరావు ఉలిక్కిపడ్డాడు. “స్టోరా? శాసనసభ్యులు గారూ, అది వేర్పాటువాదుల డిమాండు! దానికి తలొగ్గితే రాజ్యాంగం ఏమవుతుంది? అది తప్ప ఏదైనా మంజూరు చేయవచ్చును.”

ఓబులపతికి ఆ తర్కం నచ్చింది. అందులో ఒక బిగింపు ఉంది.

అయితే వంతెన కట్టాలంటే ముందు చర్చలు జరగాలని పుస్తకం చెబుతోంది. చర్చలు తటస్థ ప్రదేశంలో జరగాలి. ఇవతలి ఒడ్డు ప్రభుత్వానిది, అవతలి ఒడ్డు ఉద్యమానిది. కాబట్టి వంక నడిమధ్యన, ఇసుకలో షామియానా వేశారు. సున్నంతో గీత గీసి అటు నాలుగు కుర్చీలు, ఇటు నాలుగు కుర్చీలు పెట్టారు. సుంకులమ్మ కుర్చీలో కూర్చోనంది, నడుం నొప్పి. కింద ఇసుకలోనే కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎదుటి పక్షం నేల మీద ఉంటే తాము కుర్చీల్లో ఉండటం సమానత్వానికి భంగమని పుస్తకంలో ఉండటంతో, విశ్వమోహనరావు కూడా ఇస్త్రీ ప్యాంటుతో ఇసుకలో కూర్చున్నాడు. మధ్యలో సుంకులమ్మ మేక ఒకటి గీత దాటి ఇవతలికి వచ్చి, ఒప్పందం ముసాయిదాలో మొదటి పేజీ తినేసింది. ‘ఎదుటి పక్షం కవ్వింపు చర్య’ అని నమోదైంది.

మూడు విడతల చర్చల్లోనూ ఆమె ఒకే మాట చెప్పింది. “వంక పారితే మాకు బియ్యం గింజలుండవు సామీ. అంతే.” మూడు విడతలూ ‘ప్రతిష్టంభన’ అని ప్రకటించారు.

ఆ ప్రతిష్టంభన పుణ్యాన పనులు జోరందుకున్నాయి. నాలుగు నెలలకు గుండ్లవంక మీద వంతెన నిలబడింది. నీళ్లొచ్చాయి. బళ్లో పలకలు వచ్చాయి. ఎర్రదిబ్బపల్లెలో మొదటిసారి పురిటినొప్పులు వచ్చిన పిల్లను మంచం మీద మోయకుండా జీపులో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ జీపు వంతెన మొదట్లో పోలీసులు కొత్తగా పెట్టిన చెక్‌పోస్టు దగ్గర ఆగితే, కానిస్టేబులు వివరాలు రాసుకోకుండానే “పోండి, పోండి” అన్నాడు. పుట్టిన బిడ్డను వెనక్కి తెచ్చేటప్పుడు మాత్రం, పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో చెప్పి వెళ్లమన్నాడు.

ఓబులపతి పేరు రాజధానిలో మారుమోగుతోంది. సమైక్యతకు ఒక కొత్త శాఖ పెడతారనీ, దానికి మంత్రి ఆయనేననీ పత్రికల్లో వచ్చింది. రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుని, “నేను, గంగిశెట్టి ఓబులపతి అను నేను…” అని నెమ్మదిగా అనుకునేవాడు.

*

వంతెన ప్రారంభోత్సవానికి హోం మంత్రి వచ్చారు. రిబ్బను కత్తిరించాక, ఎదుటి పక్షం నుంచి ఎవరైనా రెండు మాటలు మాట్లాడాలని విశ్వమోహనరావు పట్టుబట్టాడు. పుస్తకంలో అలా ఉంది మరి. సుంకులమ్మను వేదిక మీదికి పిలిచారు.

ఆమె ఇంత మందిని చూసి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. “అందరికీ దండాలు. వంతెన బాగుండాది. నడిసి పోతే కొత్తసంత పది నిమిషాలు. నిన్న నేనే పోయి బియ్యం తెచ్చుకుంటి. ఇంగ మాకు వేరే స్టోరు అక్కరల్యా. మా అర్జీ వాపసు ఇచ్చేయండి సామీ. శానా సంతోషం.”

జనం చప్పట్లు కొట్టారు. ఓబులపతి కూడా కొట్టాడు. సమైక్యత గెలిచింది! ఆనందంతో పక్కకు తిరిగి చూశాడు. విశ్వమోహనరావు ముఖం సున్నం కొట్టినట్టుంది.

“ఏమైంది సార్?”

“ఉద్యమం ఆగిపోయింది,” అన్నాడు ఆయన పీలగా. “ప్రభావిత ప్రాంతం రద్దవుతుంది. నా కార్యాలయం, పదహారు మంది సిబ్బంది, మూడు జీపులు రద్దవుతాయి. వాలీబాలు వెనక్కి ఇచ్చేయాలి. మీ శాఖ కూడా… వేర్పాటువాదమే లేనప్పుడు సమైక్యతకు మంత్రి ఎందుకండీ?”

హోం మంత్రి కారెక్కుతూ అదే మాట ఇంకొంచెం మర్యాదగా అన్నారు. “మళ్లీ ఏమైనా తలెత్తితే కబురు పెట్టు ఓబులపతీ.”

మర్నాడు పొద్దున్నే ఓబులపతి ఒక్కడే వంతెన మీద నడుచుకుంటూ ఎర్రదిబ్బపల్లెకు వెళ్లాడు. సుంకులమ్మ కుళాయి దగ్గర బిందె పడుతోంది.

“అక్కా, ఒక మాట.”

“చెప్పు నాయనా.”

“మీరు అర్జీ వాపసు తీసుకోవద్దు.” ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇంగేమైనా వేరే కావల్లని అడగండి. శ్మశానం వేరే అడగండి. పోస్టాఫీసు అడగండి. లేదంటే ఊరికే, వేరుగా ఉంటామని ఒక మాట అనండి సాలు. దేశం కోసరం అడుగుతాండా.”

సుంకులమ్మ బిందె కింద పెట్టింది. ఆయన ముఖంలోకి చూసింది. ఆమెకు జాలేసింది. “నాయనా, మాకు పోస్టాఫీసు ఎందుకు, ఉత్తరాలు రాసేటోళ్లు ఎవురుండారు? అక్కరున్నెప్పుడు అడిగితిమి. అక్కర తీరినంక గూడా అడిగితే, అది దొంగ మాట అయితాది. కొత్తసంతోళ్లు మాతో మాట్లాడతాండారు ఇప్పుడు. నిన్న వరసలో ముందుకు పొమ్మని దారి గూడా ఇడిసిరి. విడిపోతామని యా నోటితో అనల్ల?”

 ఓబులపతి ఎన్నోసార్లు విన్న ఉపన్యాసంలోని మాటల్లా ఉన్నాయి అవి. కానీ మైకు లేకుండా, కుళాయి దగ్గర, ఎవరూ చప్పట్లు కొట్టకుండా వినడం ఇదే మొదటిసారి. “బిందె ఎత్తుతానుండక్కా,” అన్నాడు. ఎత్తి ఆమె నడుం మీద పెట్టి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

*

ఇంటికి చేరేసరికి గేటు ముందు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. నలభై ఊళ్ల జనం. అందరి చేతుల్లోనూ అర్జీలు. తుర్రావాండ్లపల్లె సర్పంచు చెన్నకేశవులు అందరికంటే ముందుకొచ్చాడు. ముఖంలో కోపం కనబడుతోంది.

“ఏమన్నా, మా ఊర్లో నూటికి తొంబై మంది నీకే ఓటేస్తిమి గదా. మాకేం తక్కువ? ఎర్రదిబ్బపల్లె వాళ్లకు వంతెన, మాకు వట్టి మాట. మమ్మల్ని గూడా వేర్పాటువాదుల కింద రాయి.”

“అట్ల ఎట్ల రాస్తానప్పా? మీరు మంచోళ్లు.”

“మంచోళ్లమై ఏం బాగుపడ్తిమి?” అన్నారు వెనక నుంచి నలుగురు ఒకేసారి.

విశ్వమోహనరావుకు ప్రాణం లేచి వచ్చింది. రెండు గంటల్లో దరఖాస్తు ఫారం తయారైంది. మూడు ప్రతులు. రెండు ఫొటోలు. నివాస ధ్రువీకరణ, ఆధార్ నకలు, వేర్పాటువాదం నిజమేనని గెజిటెడ్ అధికారి సంతకం. చివరి కాలమ్‌లో, దరఖాస్తుదారు దేశానికి విధేయుడినని ప్రమాణం చేయాలి. దేశానికి విధేయుడు కానివాడికి ప్రభుత్వ పథకం వర్తించదు కదా. అనర్హుల్ని ఏరివేయడానికి ఓబులపతి అధ్యక్షతన ఒక గుర్తింపు కమిటీ కూడా ఏర్పాటైంది.

తర్వాతి సోమవారం మండల పరిషత్తు హాల్లో కమిటీ కూర్చుంది. వేర్పాటువాదులు టోకెన్లు పట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు. మొదటి టోకెను చెన్నకేశవులుది.

“మీరు దేనినుండి విడిపోవాలని అభిలషిస్తున్నారు?” అన్నాడు విశ్వమోహనరావు.

“ఈ మండలాఫీసు నించి సామీ. యా పనికి వచ్చినా రేపు రమ్మంటాండారు.”

“అది వేర్పాటువాదం కాదు, విసుగు. దేశం నుండి?”

“దేశం మమ్మల్ని ఏం జేసింది సామీ, పాపం? దాని జోలికెందుకు?”

తిరస్కరించారు. చెన్నకేశవులు బయటికి వెళ్లి, అందరికీ సమాధానం నేర్పాడు. ఆ తర్వాత వచ్చిన ముప్పై నాలుగు ఊళ్లూ, “దేశం నించి సామీ, మళ్లా వెంటనే కలిసిపోతాం,” అన్నాయి. అవన్నీ మంజూరయ్యాయి. ఓబులపతి ఒక్కోదాని మీద సంతకం పెడుతున్నాడు. ఒక్కో సంతకానికీ మంత్రి పదవి ఒక అడుగు దగ్గరవుతోందని శేషఫణి చెవిలో చెప్పాడు. అయినా ఆయనకు మునుపటి ఉత్సాహం లేదు. కుళాయి దగ్గరి మాటలు చెవిలో తిరుగుతున్నాయి.

“టోకెను ముప్పై ఆరు. బోడికొండ గ్రామం!” అని అటెండరు కేకేశాడు.

ఓబులపతి తలెత్తాడు. బోడికొండ ఆయన సొంత ఊరు. చేతికర్ర తాటిస్తూ ముందుకొచ్చింది డెబ్బై ఏళ్ల నాగలక్షుమ్మ. ఆయన తల్లి. కొడుకు గెలిచాక గరుడాపురానికి వచ్చి ఉండమంటే, ఊరు విడిచి రానని అక్కడే ఉండిపోయిన మనిషి.

ఓబులపతి గబుక్కున లేచాడు. “అమ్మా! నువ్వేంది ఇక్కడ?”

“అమ్మ ఇంట్లోరా. ఈడ ముప్పయ్యారో నంబరు. కూచో.”

ఆయన కూర్చున్నాడు.

విశ్వమోహనరావు ఇరకాటంలో పడ్డాడు. “అమ్మా, తమరు… సాక్షాత్తూ అధ్యక్షుల వారి మాతృమూర్తి. తమరు కూడా విడిపోవాలని…”

“మా ఊరికి తారురోడ్డు లేదు సామీ. ఈ నా కొడుకు గెలిచినపుడు అడిగితిని. ‘చూస్తాంలేమ్మా’ అన్నె. మొన్న దసరాకు అడిగితిని. ‘ఫైలు నడుస్తాండాది’ అన్నె. రోడ్డు లేనిది ఫైలు ఎట్ల నడుస్తాదో నాకు తెల్దు. విడిపోతామంటే నాలుగు నెలల్లో యేస్తాండారంట గదా? మాకు గూడా రాసుకోండి.”

 ఓబులపతి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన విశ్వమోహనరావు వైపు తిరిగాడు. “నిజం చెప్పండి సార్. మామూలుగా అయితే మా ఊరి రోడ్డుకు ఎన్నాళ్లు?”

“వేర్పాటువాద గ్రామమైతే నూట ఇరవై దినములు.”

“కాకుంటే?”

ఆయన పుస్తకం తిరగేశాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. “సమైక్యంగా ఉన్న గ్రామాలకు… గడువేదీ నిర్దేశించినట్టు లేదండీ.”

ఓబులపతి బల్ల మీది ఫారం తన వైపు లాక్కున్నాడు. కింద తల్లి వేలిముద్ర ఉంది, ఇంకా తడి ఆరలేదు. ఆయన అధ్యక్షుడి కుర్చీలోంచి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, తల్లి పక్కన నిలబడ్డాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

“సార్! సార్!” విశ్వమోహనరావు చేతులు అడ్డం పెట్టాడు. “తమరు సమైక్యతా పరిరక్షకులు! రేపు మంత్రి! తమరే వేర్పాటువాదులైతే పత్రికలవాళ్లు ఏమనుకుంటారు?”

“నా ఓటు బోడికొండలోనే ఉండాది సార్. నేను గూడా అర్హుణ్ణే.”

శేషఫణి బల్ల మీద తల ఆనించేశాడు. బెంచీల మీది వేర్పాటువాదులందరూ లేచి నిలబడ్డారు. ఏం చేయాలో తోచక విశ్వమోహనరావు మళ్లీ పుస్తకం తెరిచాడు. ఎక్కడా అడ్డు లేదు. చివరికి ఫారం చివరి కాలమ్ మీద వేలు పెట్టి అన్నాడు.

“అలాగైతే ముందు తమరు విధేయతా ప్రమాణం చేయాలి. అది తప్పనిసరి.”

ఓబులపతి నిటారుగా నిలబడి కుడిచెయ్యి ముందుకు చాచాడు. “గంగిశెట్టి ఓబులపతి అను నేను, భారతదేశ సమైక్యతకూ, సమగ్రతకూ ప్రాణమున్నంతవరకూ కట్టుబడి ఉంటాననీ…”  కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి దాచుకోవాలని అనిపించలేదు. “ఈ దేశంలో ఏ ఒక్క గ్రామాన్నీ…”

నాగలక్షుమ్మ కర్రతో ఆయన కాలి మీద చిన్నగా తట్టింది.

“మిగతాది ఇంటికాడ చెబుదువు గానీ, సంతకం పెట్టురా. వెనక ఇంగా శానామంది ఉండారు.”